మూడో పిలుపు

పోయిన వారం హేమశ్రీ టీచరును స్కూలు హాల్లో, మొదటి వరస కుర్చీలో, ఒళ్లో అట్ట, చేతిలో పెన్ను, చుట్టూ పదకొండు మంది పసివాళ్లతో కూర్చోబెట్టి వచ్చేశాం. తెర ఇంకా లేవలేదు. తెర వెనక ఎవరో హార్మోనియం తెరిచి ఒక్క మెట్టు నొక్కారు. ఆ పెట్టె గొంతు ఆవిడకు తెలుసు. ఎలా తెలుసో పోయిన వారం చెప్పకుండా దాచాం. ఈ వారం చెప్పక తప్పదు.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. తిరుపతి నుంచి తిరుచానూరు పోయే దారిలోని ఆ ప్రైవేటు స్కూల్లో ఈ ఏడు వార్షికోత్సవానికి ‘కమలవల్లి ప్రతిజ్ఞ’ వేయించాలనుకున్నారు. వందేళ్లనాటి పద్యనాటకం. ఒకప్పుడు చిత్తూరు చుట్టుపక్కల తిరునాళ్లలో ఇది ఆడని ఏడాది లేదు. కథ చిన్నదే. రాజు జబ్బుపడితే రాణి కమలవల్లి వనదేవతకు మొక్కుకుంటుంది, పెనిమిటిని బతికిస్తే తొలిబిడ్డను నీకిస్తానని. బిడ్డకు ఆరేళ్లు నిండగానే దేవత వచ్చి చెయ్యి చాస్తుంది. రాణి బిడ్డను అప్పజెప్పి, వెనక్కి చూడకుండా ఏడడుగులు నడిచిపోవాలి. బిడ్డ నేలకొరుగుతుంది. తెల్లగుడ్డ కప్పుతారు. ఇక నలభై నిమిషాలు తల్లి పద్యాలు. చివరకు దేవత కరుణించి బిడ్డను లేపుతుంది, మంగళం పాడతారు, జనం ముక్కులు చీదుకుంటూ ఇళ్లకు పోతారు.

పెద్దవాళ్ల సంగతి సరే, ఎల్‌కేజీ వాళ్ల సంగతేమిటి? తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు మూడు రోజులు అట్టుడికింది. ఒకాయన ‘మన సంస్కృతి’ అన్నాడు. ఒకావిడ ‘మా వాడు పక్క తడిపితే మీరొచ్చి ఉతుకుతారా’ అంది. కరస్పాండెంట్ ప్రతాప్ ఏ నిర్ణయమూ తన నెత్తిన పెట్టుకునే మనిషి కాదు. “చిన్నపిల్లల మనసు మీకే తెలుసు మేడమ్, పసివాళ్లను పక్కన పెట్టుకుని రిహార్సల్ చూసి మీరే తేల్చండి” అని ఒక కాగితం హేమశ్రీ చేతిలో పెట్టి చేతులు కడిగేసుకున్నాడు. కాగితం మీద నాలుగు గళ్లు: భయం, హింస, భాష, నిడివి. అడుగున రెండే మాటలు: తగును, తగదు. ఒకదానికి టిక్కు కొట్టి సంతకం పెట్టాలి.

ఆ టిక్కు చిన్నది కాదు. ‘తగదు’ అంటే నాలుగేళ్ల తర్వాత హార్మోనిస్టు ధనంజయ నాటక సమాజానికి దొరికిన ఒకే ఒక్క ప్రదర్శన పోతుంది, డెబ్భై ఏళ్ల మనిషి పెట్టె మూసుకుని ఇంటికి పోవాలి. ‘తగును’ అంటే హేమశ్రీ క్లాసులోనే ఒకటో తరగతి చదివే పూజిత ఆ తెల్లగుడ్డ కింద పడుకోవాలి. పూజిత తల్లి కువైట్‌లో ఒక ఇంట్లో పనికి పోయి రెండేళ్లయింది, శుక్రవారం శుక్రవారం ఫోన్లో కనబడుతుంది. ఇక్కడ ఆ పిల్లకు ఉన్నదల్లా అవ్వ తాయమ్మ. తిరుచానూరు గుడి ముందు పూలు కట్టి అమ్ముకునే మనిషి.

తెర లేచింది. శనివారం మధ్యాహ్నం మూడు గంటలు. కిటికీల్లోంచి ఎండ నేరుగా స్టేజీ మీద పడుతుంటే రాజుగారి కిరీటం మీది చమ్కీలు లెక్కపెట్టేటట్టు కనబడుతున్నాయి. రాజుగారి మీసం ఒక పక్క జిగురు వదిలి వేలాడింది. పదకొండు మందీ ఒక్కసారి నవ్వారు. స్టేజీ పక్కన కట్టిన తెర పొట్టిది, నేలకు జానెడు పైనే ఆగిపోయింది. దాని కింద నటుల పాదాలు కనబడుతున్నాయి. పిల్లలకు పద్యాలకన్నా ఆ పాదాలే బాగున్నాయి. ఏ పాదాలు ఎవరివో పందెం వేసుకున్నారు.

వనదేవత వచ్చింది. ఎర్రటి ముఖం, విరబోసిన జుట్టు, చేతిలో వేపమండ. హేమశ్రీ పిల్లల వైపు చూసింది. కెవ్వున అరుస్తారనుకుంది. ఒకడు మాత్రం కుర్చీలో వెనక్కి జరిగి, “మా పిన్నమ్మ గూడా ఇట్లే అరస్తాది టీచర్” అన్నాడు. మిగతావాళ్లు చిప్స్ పొట్లం చేతులు మార్చుకున్నారు. హేమశ్రీ ‘భయం’ గడిలో ‘లేదు’ అని రాసింది.

రాణి బిడ్డను ముద్దాడింది. అప్పజెప్పింది. వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. తబలా ప్రతి అడుగుకీ ఒక్క దెబ్బ. స్టేజీ మధ్యలో కాగితం కిరీటం పెట్టుకున్న పూజిత ఒక్కతే నిలబడిపోయింది. నాలుగు, ఐదు. చిప్స్ నమలడం ఆగిపోయింది. హేమశ్రీ పక్కనే కూర్చున్న యూకేజీ ఐశ్వర్య ఆవిడ కొంగు గట్టిగా పట్టుకుంది.

“వాళ్లమ్మ తిరిగి సూడదా టీచర్?”

“చూడదమ్మా. నాటకం కదా.”

“ఒకసారన్నా?”

ఐశ్వర్య కళ్లలో నీళ్లు నిండాయి. హేమశ్రీ కాగితం వంక చూసింది. భయం గడి ఉంది, హింస గడి ఉంది. దీనికి గడి లేదు. ప్రతాప్‌గారికి ఇలాంటిది ఒకటి ఉంటుందని తట్టి ఉండదు.

పూజిత ఒరిగింది. తెల్లగుడ్డ కప్పారు. “ఊపిరాడతాదా టీచర్ దానికి?” అని వెనక నుంచి ఎవరో అడిగారు.

“ఆడుతుంది” అంది హేమశ్రీ.

ఆడుతుందని ఆవిడకు ఎలా తెలుసంటే, ఒకప్పుడు ఆ గుడ్డ కింద ఆవిడ పడుకుంది. గంజి వాసన, కర్పూరం వాసన, రాణి చెంపల నుంచి రాలిన పౌడరు వాసన. గుడ్డ పోగుల్లోంచి చూస్తే పెట్రోమాక్సు దీపాలు పెద్ద పెద్ద చుక్కల్లా కనబడేవి. అప్పుడు తనకు ఆరేళ్లు. రాజు వేషం తన నాయన గంగాధరానిది. హార్మోనియం ముందు నల్లటి జుట్టుతో ఇదే ధనంజయ. ఈ సంగతి ప్రతాప్‌కు తెలియదు, స్కూల్లో ఎవరికీ తెలియదు. ఇరవై ఎనిమిదేళ్లుగా హేమశ్రీ దీన్ని ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరూ లేకపోవడం కూడా ఒక కారణం.

రాణి ఆరో పద్యం ఎత్తుకుందో లేదో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. “పది నిమిషాలు ఇంటర్వెల్” అని రాజుగారు మీసం చేత్తో పట్టుకునే ప్రకటించేశాడు. పిల్లలకు ఆయా బిస్కెట్లు పంచింది.

పూజితకు ఒక పొట్లం తీసుకుని హేమశ్రీ స్టేజీ ఎక్కింది. ఆ పిల్ల పక్క తెర చాటున ఒక ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది. పెదాలు రెండూ లోపలికి ముడిచి బిగించుకుంది. బిస్కెట్టు చూసింది, తల అడ్డంగా ఊపింది. నీళ్ల సీసా చూసింది, గుటక మింగింది, మళ్లీ తల ఊపింది.

హేమశ్రీకి ఒళ్లు మండింది. తనకు కోపం వచ్చి ఎన్నేళ్లయిందో ఆవిడకే గుర్తులేదు. గబగబా హార్మోనియం దగ్గరకు పోయింది.

“ఏందండీ ఇది? బిడ్డ నీళ్లు గూడా తాగకుండా కూర్చుంటే మీకి పట్టదా?”

ధనంజయ తల ఎత్తాడు. జుట్టు మొత్తం తెల్లబడింది, కళ్లద్దాలకు ఒక పక్క దారం కట్టుకున్నాడు. “పిలుపు కాలేదు కదమ్మా” అన్నాడు మెల్లగా.

పిలుపంటే ఆ సమాజం వాళ్ల ఆచారం. గుడ్డ కింద పడుకున్న బిడ్డ, నాటకంలో దేవత లేపినంత మాత్రాన లేచినట్టు కాదు. అప్పుడు లేచేది నాటకం బిడ్డ. మంగళం అయ్యాక, పక్క తెర దగ్గర బిడ్డను కన్నతల్లి నిలబడి సొంత పేరుతో మూడుసార్లు పిలవాలి. మూడో పిలుపుకు బిడ్డ ‘ఆ’ అని పలకాలి. అప్పటిదాకా మాట్లాడకూడదు, ఏమీ నోట పెట్టకూడదు. పిలుపు కాని బిడ్డ సగం అక్కడే ఉండిపోతుందని వాళ్ల నమ్మకం. నవ్వేవాళ్లు నవ్వొచ్చు. వందేళ్లుగా ఆ సమాజంలో ఏ తల్లీ నవ్వలేదు.

“దీన్ని ఎవరు పిలస్తారు?” అని అడిగింది హేమశ్రీ. “వాళ్లమ్మ కువైట్‌లో ఉండాదని మీకి తెల్దా? నాటకమంతా అయినాక ఈ బిడ్డ ఈడ నోరు మూసుకుని నిలబడి, ఎవరన్నా పిలస్తారేమో అని ఒక్కో మొగం సూస్తా ఉంటే... అది ఎట్లుంటాదో మీకి తెలుసునా?”

“తెలుసు.”

“తెల్దు!”

“తెలుసు తల్లీ. నువ్వు నిలబడింది నేను సూసినాను గదా.”

హేమశ్రీ చేతిలోని బిస్కెట్టు పొట్లం నలిగింది.

“మొన్న గేటు కాడ నిన్ను సూస్తానే కనుక్కున్నాను, గంగాధరం కూతురివని” అన్నాడు ధనంజయ. “ఆ నుదురు ఆయనదే. నువ్వుగా చెప్తావేమో అని ఊరకుండినాను. కూర్చో.”

ఆవిడ కూర్చోలేదు. ఆ తెల్లవారుజాము మొత్తం ఆవిడ కళ్ల ముందు నిలబడింది. మంగళం అయిపోయింది. జనం చాపలు చుట్టుకుంటున్నారు. తను పక్క తెర దగ్గర పెదాలు బిగించుకుని నిలబడింది. అమ్మ రాలేదు. పందిరి గుంజలు పీకేశారు. పెట్రోమాక్సులు ఆర్పేశారు. ఎండ ముఖం మీదకు వచ్చింది. అప్పటికీ తను నోరు తెరవలేదు, ఎందుకంటే పిలుపు కాలేదు. చివరకు నాయన ముఖాన రంగు తుడుచుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకుని, “పా” అన్నాడు. పేరు పెట్టి పిలవలేదు. ఇంటికి పోతే అమ్మ లేదు. మళ్లీ రాలేదు. నాయనను అడిగితే మూడు రోజులు అన్నం ముట్టకుండా పడుకున్నాడు. ఇంకెప్పుడూ అడగలేదు. మూడేళ్ల కిందట ఆయనా పోయాడు.

ఇప్పుడు ఆవిడను స్కూల్లో టీచర్ అంటారు. తిరుచానూరులో ఇల్లుగలావిడకు ఆవిడ ‘మేడపైన టీచరమ్మ’. కూరగాయల బండివాడికి మేడమ్. హేమా అని పిలిచే నోరు ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. ఒక్కోసారి ఆదివారం పూట, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, అంటే ఎప్పుడూ ఎవరూ ఉండరు కాబట్టి ఏ ఆదివారమైనా, ఆవిడ తన పేరు తనే పైకి అనుకుని చూసుకుంటుంది. ఈ మాట రాయడానికి మాకే కష్టంగా ఉంది, కానీ నిజం.

“మా అమ్మ రాలేదు ధనంజయ మామా” అంది. మామా అన్నానని ఆవిడకు తెలియనే లేదు. “రాలేదని నాకి బాగా తెలుసు. పొద్దెక్కిందాకా నిలబడినాను.”

ధనంజయ కళ్లద్దాలు తీశాడు. పంచె కొంగుతో చాలాసేపు తుడిచాడు.

“వచ్చింది తల్లీ.”

“అబద్ధం.”

“ముందురోజే మీ నాయనకీ ఆయమ్మకీ మాటా మాటా పెరిగింది. ఏమి జరిగిందో నాకి తెలిసింది కొంచెమే, అది నేను చెప్పేది గాదు. ‘అది పందిట్లో అడుగు పెట్టగూడదు’ అన్నాడు మీ నాయన. కానీ పిలుపు మానుకుంటాదా కన్నతల్లి? వచ్చింది. పందిట్లోకి రానీలేదు, బయట తడిక అవతల నిలబడింది. మంగళం అయిపోతానే పిలిచి పోతాను అనింది నాతో. సరే అన్నాను.”

“మరి?”

“మంగళం ఆచారం నీకి తెలుసు గదా. ఎత్తుకుంటే మజ్జలో ఆపగూడదు. రాజు చెయ్యెత్తి దండం పెట్టేదాకా వాయిస్తానే ఉండాల. ఆపితే సమాజానికి అరిష్టం.” ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. “ఆ పొద్దు మీ నాయన చెయ్యెత్తలేదు. తడిక వైపు సూస్తా నిలబడినాడు. ఒక సుట్టు అయింది. రెండు అయినాయి. తబలా ఆయన నా మొగం సూసినాడు. ఏడు సుట్లు వాయించినాను తల్లీ. ఒక సుట్టుతో అయిపోతాదనుకుని ఆయమ్మ పిలిచేదానికి మొదలుపెట్టింది, పిలస్తానే ఉండాది. నాకి వినపడింది, దగ్గరుండాను కాబట్టి. నువ్వు ఈ పక్క తెర కాడ ఉండావు. నా పెట్టె చప్పుడు దాటి నీకాడికి రాలేదు.”

హేమశ్రీ తల తిప్పి పక్క తెర వైపు చూసింది.

“మూడుసార్లు గాదు, ఎన్నిసార్లు పిలిచిందో నేను లెక్కపెట్టలా. నువ్వు పలకలేదని ఆయమ్మ అనుకునింది. బిడ్డే నన్ను వద్దనుకునిందని ఏడస్తా పోయింది. మీ నాయన చెయ్యెత్తేతలికి తడిక కాడ ఎవరూ లేరు.” ధనంజయ హార్మోనియం మెట్ల మీద చెయ్యి ఆనించాడు, నొక్కలేదు. “ఆచారం తప్పగూడదని వాయించినాను. అంతకంటే తప్పు యాడన్నా ఉందా?”

ఆవిడకు ఏడుపు రాలేదు. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. పోయినవాడి మీద పెట్టుకుని లాభం లేదు. ఉన్నవాడు చేతులు వణికే ముసలాయన. తను ఇన్నేళ్లూ అమ్మ తిరిగి చూడలేదని కుమిలిపోతుంటే, అమ్మ ఎక్కడో కూర్చుని బిడ్డ పలకలేదని కుమిలిపోయింది. ఒక్క చెయ్యి లేవకపోవడం వల్ల ఇద్దరికీ ఇరవై ఎనిమిదేళ్లు పోయాయి.

“ఇప్పుడెందుకు చెప్తా ఉండారు ఇది?” అంది చివరకు. “నేను ‘తగును’ అని రాస్తాననా?”

“‘తగదు’ అనే రాసుకో. నేనేమీ అనుకోను. మంగళం అయినాక మాత్రం రాయి. వాళ్లమ్మ బదులు ఈ బిడ్డని పిలిచేదానికి ఒక మనిషికి చెప్పినాను.”

తాయమ్మ కాబోలు అనుకుంది హేమశ్రీ. ట్రంకుపెట్టె మీద పూజిత కాళ్లు ఊపుకుంటూ ఇద్దరినీ చూస్తోంది. కరెంటు వచ్చింది.

ఆవిడ కిందకు దిగి వచ్చి మొదటి వరసలో కూర్చుంది. ఐశ్వర్య అడగకుండానే వచ్చి ఒళ్లో చేరింది. మిగతా పద్యాలు ఎప్పుడు అయిపోయాయో హేమశ్రీకి తెలియదు. పిల్లల్లో ఇద్దరు నిద్రపోయారు, ఒకడు బాత్రూముకు పోయి వచ్చాడు. మిగతావాళ్లు ఆ తెల్లగుడ్డ వంకే చూస్తున్నారు. దేవత వేపమండ విసిరింది. పూజిత లేచి కూర్చుంది. కాగితం కిరీటం నలిగిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఐశ్వర్య మాత్రం కొట్టలేదు. “వాళ్లమ్మ యాడ?” అంది.

హేమశ్రీ పెన్ను తీసింది. ఈ కాగితంలో రాయవలసింది ఏమిటో అప్పుడు తెలిసింది. పసివాళ్లు చావుకు భయపడరు, లేచి వస్తారని వాళ్లకు తెలుసు. ఎర్ర ముఖానికీ భయపడరు. అమ్మ నడిచిపోతే ఎవరైనా వచ్చి పేరు పెట్టి పిలుస్తారా లేదా, అదొక్కటే వాళ్లు అడుగుతారు. ఆ పిలుపును తెర చాటున దాచిపెడితే ఈ నాటకం పిల్లలకు తగదు. తెర ముందు, పిల్లలందరూ చూసేటట్టు పిలిస్తే తగును. ‘నిడివి’ గడి పక్కన ఖాళీలో చిన్న అక్షరాలతో ఇదంతా రాసింది. టిక్కు మాత్రం ఇంకా కొట్టలేదు.

మంగళం మొదలైంది. రాజు, రాణి, దేవత వరసగా నిలబడ్డారు. పూజిత పక్క తెర వెనక్కి పోయింది. తెర కింద ఆ పిల్ల చిన్న పాదాలు రెండూ దగ్గరగా పెట్టుకుని కనబడుతున్నాయి. ఒక చుట్టు అయింది. రాజుగారు మీసం సంగతి చూసుకుంటున్నాడు, చెయ్యి ఎత్తలేదు. రెండో చుట్టు మొదలైంది. హేమశ్రీ కళ్లు ఆయన చేతి మీదే ఉన్నాయి.

రెండో చుట్టు సగంలో హార్మోనియం ఆగిపోయింది.

తబలా ఆయన ఇంకో రెండు దెబ్బలు వేసి తత్తరపడి ఆపేశాడు. రాజు, రాణి ముఖాలు చూసుకున్నారు. ధనంజయ రెండు చేతులూ మెట్ల మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. డెబ్భై ఏళ్ల బతుకులో మొదటిసారి ఆయన మంగళం మధ్యలో ఆపాడు.

“పూజితా.”

పక్క తెర వెనక నుంచి ఒక ఆడగొంతు. తాయమ్మది కాదు.

“పూజితా.”

తెర కింద ఇంకో రెండు పాదాలు వచ్చి నిలబడ్డాయి. పగిలిన మడమలు, దూరం నుంచి నడిచొచ్చిన దుమ్ము.

“పూజితా.”

“ఆ!” అని అరిచింది ఆ పిల్ల. ఇంతసేపు బిగబట్టిందంతా ఒక్కసారిగా, “దాహం, నాకి బిస్కెట్టు, నా కిరీటం నలిగిపోయ, నువ్వెవరు?” అని వరస కట్టి మొదలుపెట్టింది.

“నేనా? దేవకమ్మను. ఐరాల నుంచి వచ్చినాను” అంది ఆ గొంతు. “మీ ధనంజయ తాత రమ్మన్నాడు.”

హేమశ్రీ చేతిలో పెన్ను జారి కింద పడింది. దేవకమ్మ ఆవిడ తల్లి పేరు.

తెర కింద ఆ పాదాలు కదల్లేదు. కొంచెంసేపటికి మళ్లీ అదే గొంతు వచ్చింది. ఈసారి చిన్నగా, మూలపడేసిన మాటను భయపడుతూ బయటకు తీసినట్టు.

“హేమా.”

హేమశ్రీ పెదాలు రెండూ లోపలికి ముడుచుకుపోయాయి. ఆవిడ ముడవలేదు, అవే ముడుచుకున్నాయి.

“హేమా.”

ఇంకొకటి. మూడోది రావాలి, అప్పుడే పలకాలి, అది ఆచారం. ఆవిడ ఊపిరి బిగబట్టింది. హార్మోనియం ముందు ధనంజయ కళ్లు మూసుకున్నాడు. మూడో పిలుపు రాలేదు. అవతలి మనిషికి ధైర్యం చాలలేదో, ఆనాడు అన్నిసార్లు పిలిచీ జవాబు రాకపోయిన సంగతే గుర్తుందో.

తెర కింద ఆ రెండు పాదాలు మెల్లగా వెనక్కి తిరిగాయి. ఒక అడుగు వేశాయి. రెండు వేశాయి.

ఒళ్లో కూర్చున్న ఐశ్వర్య తల పైకెత్తి టీచరు గడ్డం పట్టుకుంది.

“టీచర్, నిన్నే పిలస్తా ఉండేది. పలకవా?”